స్లోప్ 140 చూసి బయలుదేరకండి: కష్టమైన గోల్ఫ్ కోర్సుల్లో ఆడదగింది ఏది?

తిరుపతిలోనో చిత్తూరులోనో ఉంటూ గోల్ఫ్ ఆడేవాళ్ళలో ఎక్కువమందికి ఆటంటే ముందు ప్రయాణం. చెన్నైలో ఉదయం ఏడింటి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) అందుకోవాలంటే తెల్లవారుజామున మూడింటికే కారు తీయాలి. బెంగళూరైతే ముందురోజు రాత్రే చేరి పడుకోవడం మేలు. పెట్రోలు, గ్రీన్ ఫీజు (కోర్సులో ఆడటానికి కట్టేది), సంచీ మోసే క్యాడీ ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్ళేటప్పుడు తేలిక కోర్సులో ఆడి రావాలని ఎవరికీ ఉండదు. అందుకే అందరూ అడిగే మాట ఒకటే: "బాగా టఫ్‌గా ఉండే కోర్సు ఏది?" ఎవరో ఒకరు స్కోర్‌కార్డు మీద ఉండే స్లోప్ అనే నంబర్ చెబుతారు. 140 అనగానే గొప్ప కోర్సని, 120 అనగానే పిల్లలాటని తీర్మానం అయిపోతుంది. ఈ తీర్మానంలో రెండు తప్పులున్నాయి. స్లోప్ అనేది కష్టాన్ని కొలిచే అంకె కాదు. ఇక కష్టంగా ఉన్న ప్రతి కోర్సూ మంచి కోర్సు కాదు.

స్లోప్ నిజంగా కొలిచేది ఏమిటి

స్కోర్‌కార్డు మీద ఒక్కో టీకి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటికి, రెండు అంకెలుంటాయి. మొదటిది కోర్సు రేటింగ్. హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే దెబ్బలు) సున్నా ఉన్న ఆటగాడు, అంటే స్క్రాచ్ ఆటగాడు, మామూలు వాతావరణంలో తన స్థాయికి తగ్గట్టు ఆడితే ఎన్ని దెబ్బల స్కోరు వస్తుందన్న అంచనా అది; స్కోరు ఎంత తక్కువైతే అంత మేలు. 72.4 అనో 69.8 అనో ఉంటుంది. రెండోది స్లోప్ రేటింగ్. ఇది 55 నుంచి 155 దాకా ఉండొచ్చు, 113ని ప్రామాణికంగా తీసుకుంటారు.

రేటింగ్ చేసేవాళ్ళ లెక్కలో ఇద్దరు ఆటగాళ్ళుంటారు. స్క్రాచ్ పురుషుడు డ్రైవ్, అంటే టీ నుంచి కొట్టే పొడుగు దెబ్బ, 250 గజాలు కొడతాడు, రెండు దెబ్బల్లో 470 గజాలు చేరతాడు. బోగీ ఆటగాడు, అంటే హ్యాండీక్యాప్ సుమారు 20 ఉన్నవాడు, డ్రైవ్ 200 గజాలు కొట్టి రెండు దెబ్బల్లో 370 గజాలు చేరతాడు. ఇద్దరికీ విడివిడిగా స్కోరు అంచనా వేసి, ఆ తేడాను 5.381తో గుణిస్తే పురుషుల స్లోప్ వస్తుంది. మహిళలకు గుణకం 4.24. అంటే స్లోప్ చెప్పేది తేడా మాత్రమే: మంచి ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడు ఎన్ని దెబ్బలు ఎక్కువ తింటాడన్నది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 'అ' అనే కోర్సుకు రేటింగ్ 75, స్లోప్ 125. 'ఆ' అనే కోర్సుకు రేటింగ్ 70, స్లోప్ 140. స్లోప్ ఒక్కటే చూస్తే 'ఆ' భయంకరం అనిపిస్తుంది. 125ని 5.381తో భాగిస్తే 23.2, దాన్ని 75కు కలిపితే 'అ'లో బోగీ ఆటగాడి అంచనా స్కోరు 98.2. అదే లెక్కన 'ఆ'లో 70కి 26 కలిపితే 96. అంటే స్లోప్ 15 తక్కువున్న కోర్సే స్క్రాచ్ ఆటగాడికి 5 దెబ్బలు, బోగీ ఆటగాడికి కూడా 2 దెబ్బలు ఎక్కువ కష్టం. కష్టం తెలియాలంటే రెండు అంకెలూ కలిపి చూడాల్సిందే.

ఇంత చూసినా తెలిసేది ఎన్ని దెబ్బలు పోతాయన్నదే. ఎలా పోతాయో తెలియదు. రేటింగ్ బృందం ప్రతి హోల్‌లోనూ, అంటే టీ నుంచి కప్పు దాకా ఉండే ఒక్కో భాగంలోనూ, నేల ఎత్తుపల్లాలు, ఫెయిర్‌వే (మధ్యన పొట్టిగా కోసిన దారి) వెడల్పు, గ్రీన్ (కప్పు ఉండే నున్నని గడ్డి) సైజు, రఫ్ (పక్కల పెరిగిన గడ్డి), బంకర్లు (ఇసుక గుంతలు), దాటాల్సిన అడ్డంకులు, నీళ్ళు, చెట్లు, గ్రీన్ వాలు, చివరికి మనసు మీద పడే ఒత్తిడి కూడా చూసి మార్కులు వేస్తుంది. చెరువులో రెండు బంతులు పోగొట్టుకుని 7 కొట్టిన హోల్ ఉంటుంది. మూడు దెబ్బలూ ఆలోచించి ఆడి, చివర్లో ఒక పట్ (గ్రీన్ మీద దొర్లించే దెబ్బ) తప్పి 5 కొట్టిన హోల్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఆటగాడికి తెలిసే తేడా ఆ మార్కుల్లోకి రాదు. కోర్సు ఆడదగిందా కాదా అన్నది ఆ తేడాలోనే ఉంది.

రెండు దారులు

ఒక కష్టమైన హోల్ విలువైనదో కాదో తేల్చడానికి మేం ముందు చూసేది ఇది: అక్కడ ఆటగాడికి ఎంచుకోవడానికి ఏమైనా ఉందా? తిరుమల కాలినడక తెలిసినవాళ్ళకు ఇది చెప్పడం సులువు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మొదటిది పొడుగు, మధ్యలో చదును నడక కూడా ఉంటుంది. రెండోది పొట్టి, కానీ మొదటి నుంచీ నిట్టనిలువు. చేరేది ఒకే కొండకు. మోకాళ్ళను, వయసును, ఉన్న సమయాన్ని చూసుకుని ఎవరికి వాళ్ళు దారి ఎంచుకుంటారు. మంచి హోల్ కూడా అలాగే ఉండాలి. రెండు దారులుండాలి, ఏ దారికి ఆ దారి ఖరీదుండాలి, ఆ ఖరీదు ముందే కనపడాలి.

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 17వ హోల్ దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. రోడ్ హోల్ అంటారు. పార్ 4, అంటే మంచి ఆటగాడు 4 దెబ్బల్లో ముగించాల్సిన హోల్; ఛాంపియన్‌షిప్ టీ నుంచి 495 గజాలు. కుడివైపు అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే కోర్సు సరిహద్దు అవతలి నేల. గ్రీన్ సన్నగా, ఐమూలగా ఉంటుంది. దాని ముందు ఎడమ పక్కన లోతైన రోడ్ బంకర్, వెనక రోడ్డు, ఆ వెనక రాతిగోడ. డ్రైవ్‌ను కుడివైపు సరిహద్దుకు ఎంత దగ్గరగా పెడితే గ్రీన్ అంత నిడివిగా తెరుచుకుంటుంది. భయపడి ఎడమకు కొడితే డ్రైవ్ క్షేమమే, కానీ రెండో దెబ్బకు బంకర్ సరిగ్గా దారిలోకి వస్తుంది. మూడో దారి కూడా ఉంది: రెండో దెబ్బను గ్రీన్‌కు కుడివైపు ముందు ఆపి, అక్కడి నుంచి నేలబారుగా దొర్లించి, 5తో బయటపడటం. 1978 బ్రిటిష్ ఓపెన్ పోటీలో టామీ నకజిమా గ్రీన్ మీద నుంచే పట్ కొట్టి బంతిని ఆ బంకర్‌లోకి జార్చుకుని, చివరికి 9 రాసుకున్నాడు. 1984లో టామ్ వాట్సన్ రెండో దెబ్బ గ్రీన్ దాటి రోడ్డు మీదుగా గోడ దగ్గరకు వెళ్ళింది. ఆ ఓపెన్ సెవె బాయెస్తెరోస్‌కు దక్కింది. ఇంత కఠినమైన హోల్‌లో కూడా 20 హ్యాండీక్యాప్ ఆటగాడు ఒక్క బంతీ పోగొట్టుకోకుండా ఆరింటితో ఆడుకుని పోవచ్చు. గొప్పదనమంతా అక్కడే ఉంది.

అమెరికాలో అగస్టా నేషనల్ 13వ హోల్ ఇంకో రకం. పార్ 5, గ్రీన్ ముందు వాగు. రెండో దెబ్బతో వాగు దాటితే ఈగిల్ (పార్ కన్నా 2 తక్కువ) అవకాశం, తప్పితే నీళ్ళు. వాగుకు ముందే ఆపుకుంటే మూడో దెబ్బ చిన్నది. బంతి మరీ దూరం పోతున్న ఈ కాలంలో పెద్ద ఆటగాళ్ళకు ఆ సంశయమే లేకుండా పోయింది. అందుకని 2023లో టీని వెనక్కి జరిపి 510 గజాలను 545 చేశారు. ఆ పొడవు పెంచింది స్కోరు పాడుచేయడానికి కాదు, 'దాటాలా ఆపాలా' అన్న ప్రశ్నను తిరిగి తేవడానికి.

దీనికి ఎదురుగా నిలబడే సంప్రదాయం కూడా ఉంది. పెన్సిల్వేనియాలో 1903లో మొదలైన ఓక్‌మాంట్‌ను కట్టిన ఫౌన్స్ కుటుంబం నమ్మింది ఒకటే: తప్పు దెబ్బకు శిక్ష పడాలి, తప్పించుకునే దారి ఉండకూడదు. ప్రపంచ స్థాయి పోటీకి అది సరిపోతుంది, ఓక్‌మాంట్ గ్రీన్లు నిజంగానే అపురూపమైనవి. కానీ ఆ పద్ధతిని వారానికోసారి ఆడేవాళ్ళ కోర్సుకు అరువు తెస్తే ఆట చచ్చిపోతుంది. రెండు వైపులా నీళ్ళు, 25 గజాల ఫెయిర్‌వే, 200 గజాలు దాటితే తప్ప నేల తగలని హోల్‌ను చూడండి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఎంచుకోవడానికి ఏమీ లేదు. కొట్టగలిగినవాడు కొడతాడు, కొట్టలేనివాడు సంచీలోంచి ఇంకో బంతి తీస్తాడు.

పోయిన దెబ్బను రాబట్టుకునే వీలు

రెండో పరీక్ష ఇది. తప్పు కొట్టాక ఆట మిగులుతుందా?

లెక్క చూడండి. డ్రైవ్ అవుట్ ఆఫ్ బౌండ్స్ పోతే, లేదా వెతకడానికి నియమం ఇచ్చిన 3 నిమిషాల్లో బంతి దొరక్కపోతే, మళ్ళీ టీ నుంచి కొట్టేది మూడో దెబ్బ. అంటే ఒక్క తప్పుకు రెండు దెబ్బలు పోయినట్టు. ఎర్ర గుర్తులున్న నీళ్ళలో పడితే ఒక దెబ్బ శిక్షతో, బంతి గీత దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల దూరం లోపల డ్రాప్ చేసుకోవచ్చు. ఫెయిర్‌వే బంకర్‌లో పడితే శిక్ష దెబ్బ లేదు, ఇసుకలోంచి పక్కకు తీసినా మూడో దెబ్బ గ్రీన్ వైపే. చెట్ల కింద పడితే కొమ్మల సందులోంచి 5 ఐరన్ అనే క్లబ్బుతో కిందుగా బయటకు నెట్టొచ్చు. ఈ చివరి రెండు చోట్లా నైపుణ్యానికి పని ఉంటుంది. మొదటి చోట ఏ నైపుణ్యమూ పనికిరాదు. కాబట్టి ఒక కోర్సు కష్టం ఎక్కువగా ఇసుక, వాలు, చెట్లు, గ్రీన్ చుట్టూ ఉన్న గుంతల నుంచి వస్తే దానికి మా మార్కులు ఎక్కువ. అవుట్ ఆఫ్ బౌండ్స్ చూపే తెల్ల కర్రల నుంచి, చెరువుల నుంచి వస్తే తక్కువ.

రఫ్ విషయంలో ఒక కొలత గుర్తు పెట్టుకోండి. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు. 2 అంగుళాల రఫ్ అంటే దాదాపు 51 మిల్లీమీటర్లు. దట్టమైన గరికలో ఆ ఎత్తు చాలు, బంతి అడుగుకు దిగి పైకి కనపడదు. రెండు అడుగుల దూరంలోనే ఉన్నా చూడకుండా దాటిపోతారు. చెన్నై వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. నేల తడిసి ఉంటే గడ్డి కోసే మోవర్ నడపలేరు, గరిక మాత్రం వారంలో ఎగబాకుతుంది. సెప్టెంబరులో న్యాయంగా ఉన్న కోర్సే నవంబరులో బంతులు మింగేస్తుంది. కోర్సు మారలేదు, కోత ఆగింది. ఆ రోజుల్లో టీ టైమ్ బుక్ చేసే ముందు రఫ్ కోసి ఎన్నాళ్ళయిందో ఫోన్‌లో అడగడం తప్పు కాదు.

గ్రీన్: వాలు, వేగం, గరిక

నిజమైన కష్టం, నిజమైన ఆనందం రెండూ ఎక్కువగా గ్రీన్ దగ్గరే. స్కాట్లండ్‌లోని నార్త్ బెర్విక్‌లో రెడాన్ అనే పార్ 3 ఉంది. గ్రీన్ కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి ఐమూలగా పరుచుకుని, అటే వాలి ఉంటుంది. ముందు ఎడమన లోతైన బంకర్. కప్పులో నిలిపిన జెండా మీదికి నేరుగా గాల్లో కొట్టొచ్చు, లేదా కుడి అంచున దించి వాలు వెంట దొర్లనివ్వొచ్చు. రెండో పద్ధతికి బలం అక్కర్లేదు. ఈ ఆలోచనను తీసుకుని వందేళ్ళుగా ఎన్నో దేశాల్లో హోల్స్ కడుతూనే ఉన్నారు.

గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. అదొక గాడి ఉన్న అల్యూమినియం పట్టీ. గాడిలోని నొక్కులో బంతి పెట్టి, ఒక చివరను మెల్లగా ఎత్తితే సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి జారుతుంది. చదును నేల మీద ఎన్ని అడుగులు పోతే అదే వేగం. 8 నుంచి 10 మామూలు కోర్సులకు బాగుంటుంది. పెద్ద పోటీల్లో 13 దాటిస్తారు. "మా గ్రీన్లు 12" అని గొప్పగా చెప్పే కోర్సు దగ్గర ఒక లెక్క అడగాలి: జెండా పెట్టిన చోట వాలు ఎంత? ఎందుకంటే ఒకే ఊపుతో వదిలిన బంతి 3 శాతం వాలు మీద కిందికి, వేగం 8 ఉన్న గ్రీన్‌లో సుమారు 11 నుంచి 12 అడుగులు పోతే, వేగం 12 ఉన్న గ్రీన్‌లో దాదాపు 22 అడుగులు పోతుంది. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దొర్లే దూరం ఇంచుమించు రెట్టింపైంది. పాతకాలపు వాలు గ్రీన్లను కొత్తకాలపు వేగానికి కోస్తే జరిగేది ఇదే. మూడు అడుగుల పట్ తప్పితే బంతి మళ్ళీ పది అడుగులు కిందికి పోతుంది. అది కోర్సు కట్టినవాడు పెట్టిన పరీక్ష కాదు, మోవర్ బ్లేడు పెట్టిన పరీక్ష.

మన వైపు గ్రీన్ల మీద ఇంకో సంగతి ఉంది. బెర్ముడా గడ్డి అని క్యాడీలు, సూపరింటెండెంట్లు చెప్పేది మన గరికే. వినాయక చవితికి ఏరి తెచ్చే ఆ గరికనే దక్షిణాఫ్రికా జాతి గడ్డితో కలిపి టిఫ్‌డ్వార్ఫ్ లాంటి గ్రీన్ రకాలు చేశారు. 3, 4 మిల్లీమీటర్లకు కోసినా అది నేల మీద పాకే గుణం వదలదు. ఆకులన్నీ ఒక దిక్కుకు పడుకుంటాయి. దాన్నే గ్రెయిన్ అంటారు. ఆ దిక్కుకు పట్ కొడితే బంతి పరిగెడుతుంది, ఎదురుగా కొడితే ఆగిపోతుంది, అడ్డంగా కొడితే వాలు లేకపోయినా అటు లాగుతుంది.

గ్రెయిన్ పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. బంతి వెనక నిలబడి చూస్తే గడ్డి మెరుస్తూ పాలిపోయినట్టుంటే గ్రెయిన్ మీ నుంచి అవతలికి, ముదురుగా కనిపిస్తే మీ వైపుకు. రెండోది ఇంకా నమ్మకమైనది: కప్పు అంచు దగ్గరికి వెళ్ళి వంగి చూడండి. 108 మిల్లీమీటర్ల ఆ గుంట చుట్టూ ఒక వైపు అంచు కత్తితో కోసినట్టు పచ్చగా ఉంటుంది, ఇంకో వైపు చిరిగి గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. గుంట తవ్వినప్పుడు వేళ్ళు తెగిపోయి, ఆకులు మాత్రం అవతలి గట్టు మీద మిగిలిన వైపు ఎండుతుంది. కాబట్టి గ్రెయిన్ పోయేది ఎండిన అంచు వైపుకే. ఉదయం చేసిన కప్పు మధ్యాహ్నానికే ఈ గుర్తు చూపిస్తుంది.

ఈ గుర్తులు చదవడం వచ్చిన 18 హ్యాండీక్యాప్ ఆటగాడు, చదవని 8 హ్యాండీక్యాప్ ఆటగాడిని పట్టింగ్‌లో దాటేయగలడు. కంటితో, ఓపికతో గెలవగలిగిన కష్టం కనుకనే దానికి అంత విలువ.

టీ తప్పు ఎంచుకుంటే మంచి కోర్సూ చెడ్డదే

దూరం నుంచి వచ్చాం కదా, కోర్సు మొత్తం చూడాలని వెనక టీలకు వెళ్ళడం కొరివితో తల గోక్కోవడమే. కట్టినవాడు బంకర్‌ను 220 గజాల దగ్గర పెట్టింది ముందు టీ నుంచి ఆడేవాడికి ఎంపిక ఇవ్వడానికి. 60 గజాలు వెనక్కి వెళ్తే ఆ బంకర్ మీ దాకా రాదు, మీరు దాని దాకా పోరు. ఎంపికంతా మాయమై పొడవు మాత్రం మిగులుతుంది.

టీ ఎంచుకోవడానికి సులువైన లెక్క: మీ 5 ఐరన్ దూరాన్ని 36తో గుణించండి. 150 గజాలైతే 5,400. ఆ మొత్తం పొడవుకు దగ్గరగా ఉన్న టీ మీది. డ్రైవ్ నుంచి లెక్కేసినా దాదాపు అంతే వస్తుంది: 200 గజాల డ్రైవ్‌కు 5,200 నుంచి 5,400, 225 గజాలకు 5,800 నుంచి 6,000. గుర్తుంచుకోవలసింది, డ్రైవ్ అంటే ఎప్పుడో ఒకసారి గాలివాటున పోయింది కాదు, పదింటిలో ఆరు సార్లు పోయేది.

హ్యాండీక్యాప్ కూడా టీతో మారుతుంది. ఇండెక్స్‌ను, అంటే మీ పేరున ఉండే హ్యాండీక్యాప్ అంకెను, స్లోప్‌తో గుణించి 113తో భాగించి, కోర్సు రేటింగ్‌లోంచి పార్ తీసేయగా వచ్చింది కలపాలి. ఇండెక్స్ 18 ఉన్నవాడు, పార్ 72 కోర్సులో రేటింగ్ 73, స్లోప్ 138 ఉన్న వెనక టీ నుంచి ఆడితే 22కు 1 కలిసి 23 దెబ్బలు దొరుకుతాయి. రేటింగ్ 68.5, స్లోప్ 120 ఉన్న ముందు టీ నుంచైతే 19.1లోంచి 3.5 పోయి 16. చాలామంది స్లోప్ భాగం వరకు వేసి పార్ తేడా కలపడం మర్చిపోతారు. అప్పుడు ముందు టీ వాళ్ళకు మూడు దెబ్బలు ఉచితంగా వచ్చి, పందెంలో గొడవ మొదలవుతుంది.

ఎత్తు, గాలి కూడా లెక్కలోకి రావాలి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంది. అక్కడి పలచని గాలిలో బంతి 3, 4 శాతం ఎక్కువ పోతుంది. 150 గజాల క్లబ్బు 155 కొడుతుంది, గ్రీన్ వెనక బంకర్‌లో పడ్డాక గాని ఇది గుర్తు రాదు. చెన్నైలో ఆ లాభం లేదు. పైగా మధ్యాహ్నానికి తూర్పు నుంచి సముద్రపు గాలి లేస్తుంది. ఉదయం 7 ఐరన్ చాలిన పార్ 3కి పన్నెండింటికి ఇంకా దూరం కొట్టే 5 ఐరన్ కావలసి రావొచ్చు. వెళ్ళే ముందు ఉపగ్రహ మ్యాప్‌లో కోర్సు తెరిచి, ఏ హోల్స్ తూర్పుకు తిరిగి ఉన్నాయో చూసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

అదే మ్యాప్‌లో ఇంకో మూడు విషయాలు లెక్కపెట్టండి. మీ టీ నుంచి, మీ క్యారీ దూరంతో, అంటే గాల్లో పోయే దూరంతో మాత్రమే, తప్పించుకోలేక దాటాల్సిన నీళ్ళు ఎన్ని హోల్స్‌లో ఉన్నాయి? నాలుగు దాటితే మేమైతే ఆ కోర్సును పక్కన పెడతాం. ఎన్ని గ్రీన్ల ముందు కనీసం ఒక పక్క తెరిపి ఉంది, బంతిని దొర్లించుకుంటూ ఎక్కించడానికి? సగానికి పైగా ఉంటే మంచిది. పార్ 4లన్నీ ఒకే పొడవులో ఉన్నాయా, లేక 300 గజాలవీ 430 గజాలవీ కలిసి ఉన్నాయా? కలిసి ఉంటేనే సంచీలోని 14 క్లబ్బులకూ పని పడుతుంది. మొత్తం పొడవు 6,000 గజాలకు తక్కువున్నా పొట్టి పార్ 4లు బాగుంటే, 7,200 గజాల చదును కోర్సు కన్నా అది ఎక్కువ ఆడిస్తుంది. అలాంటి హోల్ టీ దగ్గర డ్రైవరా, 5 ఐరనా అని తేల్చుకోలేక రెండూ చేతిలో పట్టుకుని నిలబడితే, ఆ కోర్సు సరైనదని అప్పుడే తెలిసిపోతుంది.

ఆట మొదలయ్యాక స్కోరు పక్కన ఇంకో గడి గీసుకోండి. ప్రతి హోల్ తర్వాత, టీ దగ్గర గానీ రెండో దెబ్బకు గానీ నిజంగా ఆలోచించి క్లబ్బు మార్చారా లేదా అన్నదానికి ఒక టిక్కు. పోయిన బంతికి ఒక సున్న. 18 హోల్స్ అయ్యాక టిక్కులు పది దాటి, సున్నలు మూడు లోపుంటే, 105 కొట్టినా సరే, ఆ కోర్సుకు మళ్ళీ టీ టైమ్ బుక్ చేయండి. అంకెలు తారుమారైతే, 92 కొట్టినా, వచ్చే నెల పెట్రోలు ఇంకో వైపు ఖర్చు పెట్టండి.